చేతికి, చెవికి తెలిసే డిజైన్



ఈ పూట డిజైన్ గురించి మాట్లాడుకుందాం. రేడియోలో డిజైన్ ఏంటి, బొమ్మ చూపించలేరు, రంగు చూపించలేరు, ఇంకేం చెప్తారు అని మీకు అనిపించొచ్చు. నాకు కావలసింది సరిగ్గా ఆ అనుమానమే. డిజైన్ అంటే కంటి వ్యవహారమని మనకు ఒక నమ్మకం. చీర అంచు, గేటు గ్రిల్లు, ఫ్లెక్సీ మీద అక్షరాలు. అవన్నీ డిజైనే, కాదనను. అయితే మీ ఇంట్లో ఒక రోజంతా గమనించండి. వస్తువుల్ని చూసేది తక్కువ, పట్టుకునేది ఎక్కువ. రాత్రి లేచి గోడ తడుముతూ స్విచ్చు వెతుక్కుంటాం. పప్పు ఉడికిందో లేదో కుక్కర్ కూతల లెక్కతో తెలుసుకుంటాం. పోపు మాడుతోందని ముందు ముక్కే చెప్తుంది.

అందుకే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఏ వస్తువైనా బాగా తయారైందో లేదో తేల్చుకోవాలంటే, కళ్లు మూసుకుని ఒకసారి వాడి చూడండి. చేతికి తెలియాలి. చెవికి తెలియాలి. అవసరమైతే ముక్కుకు, అరికాలికి కూడా తెలియాలి.

మొదట ఒక చెంబు తీసుకుందాం. మీ ఇంట్లో ఇత్తడిదో, రాగిదో, స్టీలుదో ఒకటి ఉండే ఉంటుంది. దగ్గర్లో ఉంటే చేతిలోకి తీసుకోండి. నేను ఆగుతాను.

ఇప్పుడు కళ్లు మూసుకోండి. మెడ దగ్గర పట్టుకోండి. బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఒకవైపు చక్కగా చుట్టుకుంటాయి. పైన అంచు బయటికి విచ్చుకుని ఉంటుంది. అందువల్ల తడి చెయ్యి అయినా జారదు. కింద పొట్ట గుండ్రంగా ఉంటుంది. నీళ్లు పోస్తే బరువంతా ఆ పొట్టలోకి దిగుతుంది. ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా చెంబు చేతిలో నిలకడగా ఉంటుంది. దీన్నే డిజైన్ చదువుల్లో బ్యాలెన్స్ అంటారు. మనం తూకం అనుకుందాం. ఇప్పుడు బాత్‌రూమ్‌లో ఉండే ప్లాస్టిక్ మగ్గు తీసుకోండి. దాని పిడి ఒక పక్కన ఉంటుంది. నీళ్లు నింపగానే మగ్గు ఒక వైపుకు లాగుతుంది. మణికట్టు దాన్ని ఆపాలి. పిల్లలకైతే రెండో చెయ్యి సాయం పట్టాల్సిందే. ధర తక్కువ, బరువు తక్కువ, నిజమే. తూకంలో మాత్రం చెంబుదే గెలుపు.

చెంబును ఇలా పరీక్షించాలని నేను కనిపెట్టలేదు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికాలో పేరున్న డిజైనర్ దంపతులు ఉండేవాళ్లు. మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగారు. 1958లో ఒక నివేదిక రాశారు. మన దేశంలో తాము చూసిన వస్తువులన్నింటిలో చెంబుకే వాళ్లు పెద్దపీట వేశారు. చెంబు గురించి ఎన్నో ప్రశ్నలు వేశారు. దాన్ని ఎవరి చేతులు పట్టుకుంటాయి? నెత్తి మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా? నిండినప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది? కళ్లు మూసుకుని తాకితే ఎలా ఉంటుంది? రాతి మీద పెడితే ఏ చప్పుడు వస్తుంది? ఆ నివేదిక పునాదిగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది. మన అమ్మమ్మ చేతిలోని చెంబు ఒక జాతీయ సంస్థకు మొదటి పాఠం అయిందన్న మాట.

శ్రీరాంపూర్ వాళ్లకు ఇలాంటి పాఠం కొత్తది కాదు. ఆర్‌కే-5, ఆర్‌కే-7 లాంటి బొగ్గుబాయిల్లో పని చేసిన వాళ్లు మీ ఇళ్లలోనే ఉన్నారు. అడగండి, చెప్తారు. భూమి కింద నెత్తికి లైటు ఉంటుంది. అది చూపించేది ఎదురుగా ఉన్న చిన్న వెలుగు ముక్కనే. పక్కన ఏముందో, వెనక ఏముందో, పైన ఏముందో మిగతా ఇంద్రియాలే చెప్పాలి. బొగ్గుబాయి ఒక పెద్ద డిజైన్ బడి. అక్కడ కంటి పాఠాలు తక్కువ.

పైకప్పు సంగతి చూడండి. బాయిలో దాన్ని రూఫ్ అంటారు. పని మొదలయ్యే ముందు అక్కడి భద్రత చూసే సర్దార్ కర్రతో రూఫ్‌ను తట్టి చూస్తారు. గట్టి రాయి అయితే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే బోలు మోత వస్తుంది. ఒక చెయ్యి రూఫ్‌కు ఆనించి రెండో చేత్తో కొడితే, వదులుగా ఉన్న రాయి అదురు వేళ్లకు అందుతుంది. గట్టి మోత, బోలు మోత. రెండింటి మధ్య తేడా ఎంత స్పష్టంగా ఉంటే మనిషి అంత భద్రం. డిజైన్‌లో దీన్ని కాంట్రాస్ట్ అంటారు. నలుపు పక్కన తెలుపు అని డ్రాయింగ్ క్లాసులో చెప్తాం. బాయిలో ఆ పాఠం చెవితో నేర్చుకుంటారు.

ఇంకో ముచ్చట. పాత రోజుల్లో రూఫ్ కింద కర్ర దిమ్మలు నిలబెట్టేవాళ్లు. ఇనుప దిమ్మ ఎక్కువ బరువు మోస్తుంది. అయినా చాలా మంది గని కార్మికులకు కర్ర మీద ఒక మమకారం ఉండేది. కారణం ఏంటంటే, బరువు మించితే కర్ర విరిగే ముందు చిటపటమంటుంది. పీచు తెగుతున్న చప్పుడు అది. ఆ చప్పుడు వినగానే పనిముట్లు వదిలేసి పరుగెత్తేవాళ్లు. ఇనుము అలా చెప్పదు. ఇప్పుడు రూఫ్ బోల్టులు వచ్చాయి. పట్టు బాగుంటుంది. కానీ బోల్టు మూగది. అందుకే రూఫ్ ఏ కాస్త కదిలినా రంగు పట్టీలతో చూపించే పరికరాలు వేలాడదీస్తున్నారు. టెల్‌టేల్ అంటారు వాటిని. పాత దిమ్మ చెవికి చెప్పిన సంగతిని కొత్త పరికరం కంటికి చెప్తోంది. ఏదో ఒక ఇంద్రియానికి ముందుగా కబురు అందాలి, అది ముఖ్యం.

హాలేజీ గంటలు కూడా తలుచుకుందాం. బొగ్గు టబ్బులు లాగే ఇంజన్ ఒక చోట, టబ్బులు ఇంకో చోట. మధ్యలో చీకటి. సిగ్నల్ తీగ లాగితే ఇంజన్ దగ్గర గంట మోగుతుంది. టబ్బులు కదులుతుండగా ఒక్క గంట పడిందంటే, ఆపమని. ఆపడానికి ఒక్కటే ఎందుకు? నాలుగో ఐదో ఎందుకు పెట్టలేదు? ప్రమాదం ఎదురైనప్పుడు మనిషికి గంటలు లెక్కపెట్టే తీరిక ఉండదు. తీగను ఒక్కసారి గుంజగలడు, అంతే. అన్నింటికంటే అవసరమైన మాటకు అన్నింటికంటే చిన్న సంకేతం ఇచ్చారు. ముఖ్యమైన దాన్ని ముందు నిలబెట్టడం అంటే అదీ. దాన్నే ఎంఫసిస్ అంటారు. ఈ గంటల నియమం పెట్టినవాళ్ల ముందు మన సెల్‌ఫోన్లు తయారుచేసేవాళ్లు వచ్చి కూర్చోవాలి. బ్యాంకు కబురుకూ అదే టింగు, సెల్ కంపెనీ ఆఫరుకూ అదే టింగు.

ఇక ముక్కు దగ్గరికి వద్దాం. బొగ్గు పొరల్లో మీథేన్ వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం మధ్య కలిసిందంటే, చిన్న నిప్పురవ్వకు పేలిపోతుంది. తెలిసేదెలా? 1815లో హంఫ్రీ డేవీ ఇంగ్లాండులో ఒక దీపం తయారుచేశాడు. మంట చుట్టూ సన్నని తీగ జల్లెడ. మీథేన్ ఉంటే ఆ మంట మీద నీలి టోపీ కనిపిస్తుంది. వాసన లేని వాయువును కంటికి చూపించాడు. ఇప్పుడు ఆ పని మీథనోమీటర్లు చేస్తున్నాయి.

బొగ్గు తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం కూడా ఉంది. బొగ్గు తీసేసి మూసిన చోట లోలోపల వేడి మొదలైతే ముందుగా గోడలకు చెమ్మ పడుతుంది. తర్వాత కిరోసిన్ లాంటి, తారు లాంటి ఒక వాసన వస్తుంది. అనుభవం ఉన్న ఓవర్‌మన్ ముక్కు దాన్ని పసిగడుతుంది. అంటే పొగ కనిపించకముందే ముక్కుకు కబురు అందింది.

ఇదంతా బాయి సంగతి, మా వంటింటికి ఏం సంబంధం అంటారా? మీ గ్యాస్ సిలిండర్‌లో ఉన్నది కూడా దాదాపు వాసన లేని వాయువే. మనం గ్యాస్ వాసన అనుకునేది గ్యాస్‌ది కాదు. ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థం కావాలని కలుపుతారు. కుళ్లిన వాసన. ఎంతో కొంచెం కలిపినా ముక్కుకు తెలిసిపోతుంది. మంచి సువాసన ఏదైనా కలపొచ్చు కదా? కలిపితే అగరుబత్తి అనుకుని ఊరుకుంటాం. ఇబ్బంది పెట్టే వాసన అయితేనే లేచి వెళ్లి రెగ్యులేటర్ ఆపేస్తాం. డిజైన్ అంటే ఎప్పుడూ ఇంపుగా ఉండాలని లేదు. ఒక్కోసారి కంపు కొట్టడమే దాని పని.

మరోసారి గుర్తు చేస్తాను. కళ్లు మూసుకుని వాడి చూడండి. చేతికి, చెవికి, ముక్కుకు తెలియాలి.

అరికాలికి ఏం తెలుస్తుంది? మెట్లు తెలుస్తాయి. మేస్త్రీలు సాధారణంగా మెట్టును ఆరేడు అంగుళాల ఎత్తులో కడతారు. రెండు మెట్లు ఎక్కగానే మన కాలు ఆ ఎత్తును పట్టేసుకుంటుంది. ఆ తర్వాత మనం మెట్లను చూడం. మాట్లాడుకుంటూ ఎక్కేస్తాం. అది లయ. డప్పు దెబ్బల మధ్య ఎడం సమానంగా ఉంటేనే అడుగు పడుతుంది కదా, ఇక్కడా అంతే. ఒక మెట్టు మాత్రం అంగుళం పెరిగిందనుకోండి. కంటికి ఆనదు. కాలు మాత్రం తడబడుతుంది. చాలా ఇళ్లలో ఆ తేడా మెట్టు చివరిదే అవుతుంది. ఎందుకంటే స్లాబు ఎత్తు ముందు లెక్క వేసుకోకుండా కింది నుంచి కట్టుకుంటూ పోయి, మిగిలిన ఎత్తంతా పై మెట్టు మీద పడేస్తారు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న వాళ్లకు ఒక మాట. మెట్ల పని జరిగేటప్పుడు టేపు పట్టుకుని దగ్గర నిలబడండి. టైల్స్ వేశాక ఎంత ఎత్తు వస్తుందో అది కూడా లెక్కలో వేయించండి. పెయింటు రంగు తర్వాత మార్చుకోవచ్చు. మెట్టు ఎత్తు మార్చాలంటే పగలగొట్టాల్సిందే.

నాలుక కోసం సర్వప్ప ఉంది. సర్వపిండి అనండి, గిన్నప్ప అనండి, మీ ఇంట్లో ఏ పేరైతే అది. పిండిని గిన్నె లోపలికి పలుచగా ఒత్తి, వేలితో గుంటలు పెట్టి, ఆ గుంటల్లో నూనె వేస్తారు. గుంటలు సమానమైన ఎడంలో పడితే నూనె అంతటా అందుతుంది, అంతటా సమంగా కాలుతుంది. ఒకచోట గుంపుగా పడితే ఇంకోచోట పచ్చిగా ఉంటుంది. అడుగు కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి, మధ్యలో శనగపప్పు పంటికి తగలాలి. లయ, తేడా రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయి. మూత తీసి చూడకుండా, చిటచిటలాడే చప్పుడు తగ్గగానే దించేసే అమ్మలకు నేను చెప్పేదేం లేదు.

మన ఉమ్మడి ఆదిలాబాద్ కళాకారులు ఈ విద్యలో ఆరితేరిన వాళ్లు. నిర్మల్ బొమ్మల్లో పండ్లు, కూరగాయలు చూసే ఉంటారు. పొనికి కర్రతో చేస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూసి, నున్నగా చేసి, రంగు వేస్తారు. పళ్లెంలో మామిడిపండును చూస్తే కన్ను నిజమే అనుకుంటుంది. చేతిలోకి తీసుకోగానే తేలిపోతుంది. పొనికి అంత తేలికైన కర్ర. కంటికి ఒక మాట, చేతికి ఒక మాట చెప్పి నవ్విస్తుంది ఆ బొమ్మ. పిల్లలు దాన్ని మళ్లీ మళ్లీ ఎత్తి చూడటం అందుకే.

ఉషేగావ్‌లో ఓజాల ఇత్తడి పని ఇంకో రకం. ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి బొమ్మ మీద మైనపు తీగలు వరుసగా చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన దారిలో ఇత్తడి పోస్తారు. ఆ తీగల వరుసలన్నీ ఇత్తడి మీద గట్లుగా మిగులుతాయి. అలాంటి బొమ్మ దొరికితే కళ్లు మూసుకుని వేలితో నిమరండి. గట్టు, పల్లం, గట్టు, పల్లం. చేసిన మనిషి చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ మలుపు తిరిగిందో మీ వేలికి తెలుస్తుంది. అద్దాల బీరువాలో పెట్టి తాకవద్దని రాసే వాళ్లంటే నాకు కొంచెం కోపం. తాకడానికే చేసిన వస్తువు అది.

ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టండి. వంద నోటు, ఐదు వందల నోటు ఉంటే బయటికి తీయండి. చూడకండి. రెండు పక్కల అంచుల మీద వేలు పోనివ్వండి. ఉబ్బెత్తుగా వాలు గీతలు తగలాలి. వంద నోటుకు నాలుగు గీతలు. ఐదు వందల నోటుకు ఐదు. వంద నోటు మీద ఉబ్బెత్తు త్రికోణం ఉంటుంది. ఐదు వందల నోటు మీద గుండ్రని గుర్తు. చూపు లేని వాళ్ల కోసం పెట్టినవి ఇవి. పొడవులు కూడా వేరు. కొత్త వంద నోటు 142 మిల్లీమీటర్లు. రెండు వందలది 146. ఐదు వందలది 150. అంటే ఒక నోటుకూ తర్వాతి నోటుకూ తేడా 4 మిల్లీమీటర్లు. దాదాపు కందిగింజంత.

ఆలోచన మంచిదే. ఫలితం నాకు నచ్చలేదు. రెండు నోట్లూ పక్కపక్కన ఉంటే కందిగింజంత తేడా చేతికి అందుతుంది. అంగడిలో ఒక్క నోటు చేతికొస్తే దేనితో పోల్చుకోవాలి? ఉబ్బెత్తు గీతలు కొత్త నోటుకు తెలుస్తాయి. పది చేతులు మారి, చెమటలో తడిసి, మడతలు పడ్డాక అరిగిపోతాయి. రిజర్వ్ బ్యాంక్ కూడా 2020లో నోటును గుర్తుపట్టి పైకి చెప్పే సెల్‌ఫోన్ యాప్ ఒకటి తెచ్చింది. మణి అని దాని పేరు. వేలికి అందాల్సిన తేడాను ఫోన్ చెప్పాల్సి వచ్చింది. ఇరవై రూపాయల బిళ్ల వేరు. 2019 మార్చిలో విడుదలైన వరుసలోది. దానికి పన్నెండు మూలలున్నాయి. ఆ వరుసలో మిగతా బిళ్లలన్నీ గుండ్రం. జేబులో గుప్పెడు చిల్లర ఉన్నా వేళ్లు దాన్ని ఏరుకొస్తాయి. తేడా చూపించాలనుకుంటే అలా చూపించాలి.

కొలత గురించి కూడా ఒక మాట. ఫ్రాన్సులో షార్ల్ బార్బియే అనే ఆయన చీకట్లో చదువుకునే లిపి ఒకటి చేశాడు. ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలి కొనకు ఒకేసారి అందేవి కావు. వేలిని పైకీ కిందికీ జరపాల్సి వచ్చేది. చూపు లేని ఒక విద్యార్థి దాన్ని ఆరు చుక్కలకు తగ్గించాడు. గుర్తు మొత్తం వేలి కొన కింద ఇమిడిపోయింది. ఆ విద్యార్థి లూయీ బ్రెయిల్. మన తెలుగు కూడా ఇవాళ ఆ ఆరు చుక్కల్లోనే చదువుతున్నారు. చూపున్న బార్బియే చేసిన కొలత కుదరలేదు. తన వేలితోనే చదవాల్సిన కుర్రాడు చేసిన కొలత కుదిరింది.

ఇక మీ ఇంటి పని. శ్రీరాంపూర్, నస్పూర్, సీసీసీ కాలనీల్లో రిటైరైన కార్మికులు చాలా మంది ఉన్నారు. ఏళ్ల తరబడి డ్రిల్లు మోత, ఫ్యాను మోత మధ్య పని చేసి వినికిడి తగ్గిన వాళ్లు ఉన్నారు. షుగర్ వల్ల, వయసు వల్ల చూపు తగ్గిన వాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక ఇంద్రియానికి మాత్రమే కబురు అందిస్తే చాలదు. రెండింటికి అందించాలి. కాలింగ్ బెల్ మోగడంతో పాటు ఒక లైటు వెలిగేలా పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కు అది పెద్ద పనేం కాదు. మెట్ల మీద మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు అంచున గరుకు పట్టీ అతికించండి. రంగు కూడా వేరేది ఉండాలి. అప్పుడు కంటికీ, కాలికీ రెండింటికీ తెలుస్తుంది. ఉప్పు, చక్కెర ఒకే రకం డబ్బాల్లో పెట్టకండి. ఉప్పు జాడీలో ఉండనివ్వండి.

అన్నింటికంటే ముందు మందులు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర రెండూ ఒకే రకం మెరిసే షీట్లలో వస్తాయి. పేరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పొద్దున వేసుకునేవి ఒక చదరపు డబ్బాలో పెట్టండి. రాత్రివి ఒక గుండ్రని డబ్బాలో పెట్టండి. గుండ్రని డబ్బా చుట్టూ ఒక రబ్బరు బ్యాండు వేయండి. తర్వాత లైటు ఆపేసి, నాన్న చేతికో అమ్మ చేతికో ఇచ్చి, ఏది పొద్దుటిదో ఏది రాత్రిదో అడగండి. తడబడకుండా చెప్తే మీ డిజైన్ పాసైనట్టే. తడబడితే డబ్బా మార్చండి, వాళ్లను కసురుకోకండి. ఏ గుర్తు పెడితే బాగుంటుందో కూడా వాళ్లనే అడగండి. రేపటికి వాయిదా వేయకుండా, ఇవాళ రాత్రి మందులు వేసుకునే వేళకే ఈ పని చేసేయండి.